మూడో గడిలో టిక్కు

ఫిబ్రవరి 24, 2013

నా భార్య దోర్కా పోయి పన్నెండు రోజులు. చివరి రోజు సంగతి రాసి పెట్టుకోవాలి. వివరాలు అప్పుడే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి.

మంగళవారం. ఆరింటికి లేపాను. పళ్ళు తోమాను. ఒళ్ళు తుడిచి దుప్పటి మార్చాను. వీపుకు పౌడరు రాశాను. పుండ్లు లేవు. మంచాన పడ్డ రెండేళ్ళలో ఒక్క పుండు పడలేదు. ఆ మాట డాక్టరు కూడా అన్నాడు. ఎనిమిదింటికి రాగిజావ. రెండు చెంచాలు మింగింది. మూడోది తెస్తుంటే చేత్తో నెట్టింది. జావ దుప్పటి మీద పడింది. మళ్ళీ కలిపి తెచ్చాను. నోరు తెరవలేదు. విసుగు అనుకున్నాను. పదిన్నరకు ఊపిరి మారింది. వాళ్ళ తమ్ముడు హెన్రీకి ఫోన్ చేశాను. అంబులెన్సు పదకొండూ అయిదుకు వచ్చింది. తార్నాక దాటకముందే అయిపోయింది.

మర్నాడు నాలుగింటికి సమాధి. పాస్టరు గారు పది నిమిషాలు మాట్లాడారు. చాలామంది వచ్చారు, ఫ్యాక్టరీ వాళ్ళు కూడా. ఆమెను నేను చూసుకున్న పద్ధతి గురించి అందరూ గొప్పగా అన్నారు.

జరిగింది ఇంతే. ముప్పై ఏళ్ళు ల్యాబులో రీడింగులు రాశాను. ఉన్నది ఉన్నట్టు రాయడం తప్ప నాకు వేరే రాదు.

మార్చి 3

ఆరింటికి మెలకువ వచ్చింది. లేపడానికి ఎవరూ లేరు.

మార్చి 31

ఈస్టర్. చర్చికి వెళ్ళాను. వెనక బెంచీ.

ఏప్రిల్ 18

హెన్రీ వచ్చాడు. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"బావా, మే నెల్ల మా చర్చి పక్క బడిల క్యాంపు పెడ్తున్నరు. వికలాంగులకు. పద్నాలుగు రోజులు. మొగోళ్ళను సూసుకునేటందుకు మొగోళ్ళు దొరుకుతలేరంట. నీ పేరు చెప్పిన."

"నన్ను అడగకుంటనేనా?"

"అడిగితె వద్దంటవ్. అందుకే అడగలె."

"నాకు ఆ పనేం వస్తది?"

"నీకా? అక్కను రెండేండ్లు సంటిపిల్ల లెక్క సూసుకున్నవ్. అందుకోసం నౌకరి గూడ ఇడిసిపెట్టినవ్. గా పనొచ్చిన మొగోడు నాచారం మొత్తంల ఇంకొకడు లేడు. గిప్పుడు ఎవలకు జేస్తవ్? కుర్చీలకు స్నానం బోస్తవా?"

నవ్వాడు. నేను నవ్వలేదు. కుర్చీలు నిన్ననే తడిగుడ్డతో తుడిచాను. అతనికి చెప్పలేదు.

ఏప్రిల్ 19

వెళ్తానని హెన్రీకి ఫోన్ చేశాను.

మే 5

నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్ వెనక, సెలవులకు మూసిన బడి. బెంచీలు వరండాలోకి తోసి తరగతి గదుల్లో మంచాలు వేశారు. వచ్చినవాళ్ళు ఇరవై రెండు మంది. మేము తొమ్మిది మందిమి. మమ్మల్ని కౌన్సెలర్లు అంటారు. సలహాలిచ్చే పని కాదు. స్నానం, తిండి, ఆట, పక్క మంచం మీద పడక.

క్యాంపు నడిపేది త్రివేణి. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెళ్ళో విజిల్. ఆటల గురించి అర నిమిషం చెప్పి, ఒక కాగితం గురించి పావుగంట చెప్పింది. ఒక్కో మనిషికి రోజుకొకటి. ఎడమ పక్క పనుల పేర్లు: తిండి, స్నానం, బట్టలు, బాత్రూం. ఎదురుగా మూడు గడులు: తానే, సాయంతో, చేసిపెట్టాలి. ఏదో ఒక గడిలో టిక్కు.

"గీ కాయిదమే ముఖ్యం సార్. ఇంటోళ్ళు, సెంటరోళ్ళు దీన్నే సూస్తరు," అంది.

కాగితాలు నింపడం నాకు కొత్త కాదు.

నాకు ఇచ్చింది దుర్గేష్‌ని. ఇరవై ఆరేళ్ళు. పుట్టినప్పుడు మెదడుకు గాలి అందలేదట. చక్రాల కుర్చీ. చేతులు అతను చెప్పినట్టు వినవు, ఎగురుతాయి. మాట బయటికి రావాలంటే మొహమంతా పని చెయ్యాలి. ఒక వాక్యానికి ఒక నిమిషం. ఆగి వింటే అంతా అర్థమవుతుంది. ఇక్కడ అతని మాటలు మామూలుగానే రాస్తాను.

"నీ పేరేంది?" అన్నాడు.

"దేవసహాయం."

"దేవుడే సహాయం జేస్తుంటే మళ్ళ నువ్వెందుకు వచ్చినవ్?"

తల్లి సత్తమ్మ అతని భుజం మీద ఒక్కటి వేసింది. ఉప్పల్‌లో ఏదో కంపెనీ క్యాంటీన్‌లో పని చేస్తుంది. ఉండేది చిలకానగర్‌లో, రేకుల గది. మొన్న చలికాలం దాకా అత్త ఇంట్లో ఉండేదట. ఆమె పోయింది. ఇప్పుడు సత్తమ్మ డ్యూటీకి పోతూ కొడుకును లోపల ఉంచి బయట గొళ్ళెం పెడుతుంది.

"సార్, వాడు తినేటప్పుడు జర గోడకు..." అని ఏదో చెప్పబోయింది.

"నాకు తెలుసమ్మా. రెండేండ్లు జేసిన ఈ పని. నువ్వు ఫికర్ జెయ్యకు," అన్నాను.

ఆగిపోయింది. దండం పెట్టి వెళ్ళింది.

తరవాత త్రివేణి నన్ను పక్కకు పిలిచింది. "హబ్సిగూడల డే సెంటర్ ఉంది సార్. ఫైళ్ళు, కవర్లు జేస్తరు. పొద్దుగాల పోవుడు, సాయంత్రం ఇంటికొచ్చుడు. జూన్‌ల ఒక్క సీటు ఖాళీ. తానే తినాలె, తానే బాత్రూంకు పోవాలె, గంతే కండిషన్. పట్టుకునేటందుకు గోడకు కడ్డీ ఉంటే బాత్రూంకు పోతడు. సీటు దొరక్కుంటే కీసర అవతల హోంల ఏస్తనంటున్నది వాళ్ళమ్మ. ఆడ ఏస్తే మళ్ళ ఇంటికి రాడు సార్. నెలకొకపారి సూసొచ్చుడే."

సరేనన్నాను.

మధ్యాహ్నం హాలు మధ్యలో పొడుగు బల్ల. పప్పన్నం. చెంచా అతని చేతికిచ్చాను. చెయ్యి ఎగిరింది. అన్నం అతని చొక్కా మీద, నా కళ్ళజోడు మీద, ఎదురుగా కూర్చున్న రాణి జడలో. రాణికి పద్నాలుగేళ్ళు, బుద్ధి నాలుగేళ్ళది. ఏడుపు లంకించుకుంది. చెంచా నేను తీసుకున్నాను. పన్నెండు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ. ఒక్క మెతుకు కింద పడలేదు.

నా చెయ్యి ఏమీ మరిచిపోలేదు.

తిండి: మూడో గడిలో టిక్కు. బాత్రూం: మొదటి గడి.

మే 6

ఆరింటికి లేపాను.

మే 7

తినిపించడం అందరికీ రాదు. వేడి మణికట్టు మీద చూసుకోవాలి. చెంచా నిండా తీయకూడదు. ముందు చెంపకు తాకించాలి, అప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మింగాడో లేదో గొంతు చూసి తెలుసుకోవాలి. ఇద్దరు కుర్ర కౌన్సెలర్లు పక్కన నిలబడి చూశారు. "సార్, మీ చేతుల ఏదో ఉంది," అన్నాడొకడు.

సాయంత్రం గంట బంతి ఆట. బంతి లోపల మువ్వలుంటాయి, చూపు లేనివాళ్ళకు వినబడాలని. దుర్గేష్ అంపైరు. శివ అనే గుడ్డి కుర్రాడు బ్యాటు పట్టుకుని నిలబడగానే, "అవుట్!" అన్నాడు.

"బాలే ఎయ్యలే గదనే!"

"నువ్వు నిలబడ్డది సూస్తె తెలుస్తలేదా? ఎట్లయినా అవుటే."

"నాకు కనబడదు. నీకు సిగ్గు లేదు," అన్నాడు శివ. హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను.

రాత్రి ఏడు గంటలు నిద్రపోయాను.

మే 8

త్రివేణి కాగితాలు చూసింది.

"సార్, చెంచా ఆయనకు ఇస్తున్నరా?"

"ఇచ్చిన. మొదటి రోజు."

"మళ్ళ ఇయ్యున్రి."

"అన్నం మొత్తం పారబోసుకుంటడు. ఆకలితోటి ఉంటడు."

"ఉండనియ్యున్రి జరసేపు."

నాకు నచ్చలేదు. చిన్న వయసు. ఎవరినీ పోగొట్టుకుని ఉండదు.

మే 9

మూడో గడి.

మే 10

మూడో గడి. మధ్యాహ్నం తినిపిస్తుంటే రెండుసార్లు చెయ్యి ఎగిరింది. చెంచా మీదికి వస్తుంటే రెండో చేత్తో పట్టుకుని ఆపాను. పట్టుకుంటే నెమ్మదిస్తుంది.

మే 11

సాయంత్రం ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్. డాబా మీదికి నలుగురం కలిసి కుర్చీతో సహా దుర్గేష్‌ని ఎత్తుకెళ్ళాం. అక్కణ్ణుంచి ఆట కనబడదు. లైట్ల వెలుగు కనబడుతుంది. అతను దానికేసే చూశాడు. రేడియోలో స్కోరు వింటూ, వెలుగు వైపు చూస్తూ, అక్కడే కూర్చున్నట్టు చప్పట్లు కొట్టడానికి ప్రయత్నించాడు.

కాసేపటికి, "నీ భార్య ఏడుంది?" అన్నాడు.

"లేదు. ఫిబ్రవరిల పోయింది."

"ఏమైంది?"

"పక్షవాతం. రెండేండ్లు మంచంల ఉండె."

"నువ్వే తినిపిస్తుంటివా?"

"నేనే."

రేడియోలో వికెట్టు పడింది, అతను పట్టించుకోలేదు. తరవాత, "ఆకలైతుంది," అన్నాడు. తిని అరగంట కాలేదు. కిందికి వెళ్ళి రెండు అరటిపండ్లు తెచ్చాను. తినిపించాను. మొత్తం తిన్నాడు, నా మొహం చూస్తూ.

మే 13

చెయ్యి ఎగరడం తగ్గింది. బెల్లు కొట్టగానే నా వైపు తిరిగి నోరు తెరుస్తున్నాడు. అలవాటు పడ్డాడు. మంచిదే.

మే 15

హబ్సిగూడ సెంటర్ నుంచి రామ్మోహనరావు గారు వచ్చారు. అరవై ఉంటాయి, రిటైరైన హెడ్మాస్టరు. భోజనాల వేళకు వచ్చి బల్ల చివర కుర్చీ వేసుకున్నారు.

"తినమనండి. నేను చూస్తూ ఉంటాను," అన్నారు.

చెంచా దుర్గేష్ చేతికిచ్చాను. మొదటిది బల్ల మీద పడింది. రెండోది గడ్డం దాకా వచ్చింది. అందరూ చూస్తున్నారు. చెయ్యి మరీ ఎగురుతోంది. అతను కుర్చీని వెనక్కి తిప్పుకోబోయాడు, గోడ వైపు. భయపడి పోతున్నాడనుకుని చక్రానికి బ్రేకు వేశాను. మూడోసారి చెంచా కింద పడింది.

వంగి తీశాను. కడిగాను. కలిపాను. చెంపకు తాకించాను. నోరు తెరిచాడు.

నాలుగు చెంచాలయ్యాక గాని నేనేం చేస్తున్నానో చూసుకోలేదు.

"తినిపించాల్సిందే అన్నమాట," అన్నారు రామ్మోహనరావు గారు. ఆ మాటలో ఎగతాళి లేదు, బాధే ఉంది. కాగితాలు తిరగేశారు. "పది రోజులుగా మూడో గడే. చాలా పద్ధతిగా రాశారండి. మా దగ్గర ఒక్క ఆయానే. ఇరవై మంది. ఏం చెయ్యమంటారు?"

దుర్గేష్ ఏదో చెప్పడానికి మొదలుపెట్టాడు. మొహం ఎర్రబడింది. ఆయన కాసేపు ఆగారు, గడియారం చూసుకున్నారు, అతని భుజం తట్టి వెళ్ళిపోయారు. బండి స్టార్టయిన చప్పుడుకు దుర్గేష్ నోరు మూసుకున్నాడు.

రాత్రి అన్నం వద్దన్నాడు.

మే 16

నేను రాసింది తప్పు కాదు. జరిగిందే రాశాను.

మే 17

రాసింది తప్పు కాదు.

మే 18

ఆఖరి రోజు. పదింటి నుంచి ఇళ్ళవాళ్ళు రావడం మొదలైంది. రాణి నా చొక్కా పట్టుకుని వదల్లేదు. శివ అందరికీ చేతులు కలిపి, చెయ్యి పట్టుకుని పేరు చెప్పాడు, ఒక్కటీ తప్పలేదు.

సత్తమ్మ సర్వపిండి చేసి తెచ్చింది. డబ్బా మూత తీసి దుర్గేష్ ఒళ్ళో పెట్టి, బట్టలు సర్దడానికి గదిలోకి వెళ్ళింది. నేను ముక్క తుంచి అతని నోటికి అందించాను. ఆమె సంచీతో బయటికి వచ్చి ఆగిపోయింది.

"మీరెందుకు పెడ్తున్నరు సార్? వాడే తింటడు గద."

ముక్క మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.

"పదేండ్ల సంది వాడే తింటడు. క్యాంపుల తింటలేడా?"

"ఇక్కడ రద్దీ ఎక్కువమ్మా. టైం సరిపోలే," అన్నాను.

అబద్ధం. టైం బోలెడంత ఉంది.

దుర్గేష్ నా వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. త్రివేణి గేటు దగ్గర బస్సు ఎక్కిస్తోంది. వెళ్ళి ఆమెకు ఈ మాట చెప్పవలసింది. పరుపులు మడత పెట్టాను. పద్దెనిమిది పరుపులు.

మే 19

ఇల్లు. చర్చికి వెళ్ళలేదు.

మే 21

త్రివేణి ఫోన్. దుర్గేష్‌కి సీటు ఇవ్వలేమన్నారట. తరవాతి పేరు మల్లాపూర్ అమ్మాయిది. ఇరవై ఏడు సోమవారం పదింటికి ఆ పేరు రాసేస్తారు. "మీరు చేసిన సేవకు థాంక్స్ సార్," అని పెట్టేసింది.

చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే పెట్టేసింది. మళ్ళీ చేయవచ్చు. చెయ్యలేదు.

మే 22

దోర్కాకు కుడి పక్క పడిపోయింది. ఎడమ చెయ్యి బాగానే ఉండేది.

మే 23

ఫిజియోథెరపీ మనిషి మొదటి నెలలోనే చెప్పింది. ఎడమ చేత్తో చెంచా పట్టిస్తూ ఉండండి, ఆలస్యమైనా సరే అని. ఒక వారం పట్టించాను. జావ పారబోసుకునేది. తుడవడానికి ఎక్కువ సేపు పట్టేది.

ఇంతకంటే రాయను.

మే 25

నిన్న సత్తమ్మ ఫోన్ చేసింది. "సార్, మీరు సదువుకున్నోళ్ళు. హోంల కాయిదాలు ఇస్తరంట. జర వచ్చి సదివి చెప్పున్రి." నా మీద కోపం ఉన్నట్టు లేదు. క్యాంపు కాగితంలో ఏముందో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. సీటు రాలేదని మాత్రం తెలుసు.

ముగ్గురం ఆటోలో వెళ్ళాం. కీసర గుట్ట దాటాక మట్టిరోడ్డు. హోం శుభ్రంగా ఉంది. చుట్టూ వేపచెట్లు, ఫినాయిల్ వాసన, ముప్పై మంచాలు. నడిపేవాళ్ళు మంచివాళ్ళు. కాగితాలు చదివాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

పన్నెండున్నరకు బెల్లు కొట్టారు. ముప్పై మంది వరసగా కూర్చున్నారు. ఇద్దరు ఆయాలు చెరో గిన్నె పట్టుకుని తినిపించుకుంటూ వచ్చారు. ఒకటింబావుకు అయిపోయింది. మెతుకు కింద పడలేదు. ఒకావిడ దుర్గేష్ దగ్గర కూడా ఆగి చెంచా అతని చెంపకు తాకించింది, మెత్తగా. అతను పెదవులు బిగించాడు. ఆమె నవ్వి మళ్ళీ తాకించింది. నేను చేసే పద్ధతే. తేడా ఏమీ లేదు.

సత్తమ్మ సంతకం పెట్టలేదు. సోమవారం సెలవు పెట్టాను, సామానుతో వచ్చి పెడతానంది.

తిరుగు దారిలో ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాల కోసం తవ్విన గుంటల పక్క అరగంట ఆగిపోయాం. ఆమె తనలో తను అనుకుంటున్నట్టే అంది. "నేనేం జెయ్యాలె సార్? ఎండకాలం రేకుల కింద పెట్టి బైట గొళ్ళెం ఏసి పోతున్న. ఏ అగ్గి గిట్ల అంటుకుంటే? డ్యూటీల చెయ్యి ఆడుతలేదు నాకు. ఆడనన్న పదిమంది కండ్ల ముంగట ఉంటడు."

దుర్గేష్ దారి పొడుగునా బయటికి చూశాడు.

మే 26

ఆదివారం. పన్నెండింటికి చిలకానగర్ వెళ్ళాను. ఎందుకు వెళ్తున్నానో నాకు నేను చెప్పుకోలేదు. తలుపుకు బయట గొళ్ళెం. సత్తమ్మ ఆదివారం కూడా డ్యూటీ చేస్తుందని అప్పుడు గుర్తొచ్చింది.

"దుర్గేష్, నేను. దేవసహాయాన్ని."

లోపల్నుంచి చాలాసేపటికి, "తాళం లేదు. గొళ్ళెం తీస్కొని రా. దొంగలు గట్లనే వస్తరు," అని వినబడింది.

గది మూలన నేల మీద ఉన్నాడు. వీపు ఒక గోడకు, కుడి భుజం ఇంకో గోడకు ఆనించుకుని కూర్చున్నాడు. మోచెయ్యి గోడకు గట్టిగా అదిమి పెట్టాడు. అలా అదిమితే చెయ్యి ఎగరదు, మోచేతి కింద భాగం ఒక్కటే కదులుతుంది. ముందు పీట. పీట మీద తడిగుడ్డ, జారకుండా. దాని మీద పళ్ళెం. పళ్ళెంలో అన్నం, పప్పు గట్టిగా కలిపి కట్టిన ముద్దలు. చెంచా లేదు.

తింటున్నాడు.

చెయ్యి పళ్ళెం దాకా వెళ్తుంది, వెతుక్కుంటుంది, ముద్దను పట్టుకుంటుంది, గోడ వెంబడే పైకి వస్తుంది, మెడ కిందికి వంచి అందుకుంటాడు. ఒక్క ముద్దకు రెండు మూడు నిమిషాలు. అప్పుడే మొదలుపెట్టాడు, ఇంకా ఇరవై ముద్దలున్నాయి. నా చేతులు తొడల కింద పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"గిట్ల కూసోబెట్టుమని క్యాంపుల ఎందుకు చెప్పలె?"

"అమ్మ చెప్పబోయింది గద. నాకు తెలుసన్నవ్."

"నువ్వన్న చెప్పొచ్చు గద."

"చెయ్యి సాపిన. పట్టుకుంటివి." ముద్ద మింగే దాకా ఆగాడు. "తర్వాత నీ భార్య సంగతి చెప్పినవ్. తినిపిస్తుంటే నీ మొకం మంచిగుంటుండె. కొన్ని రోజులే గద, పోనీ తియ్ అనుకున్న."

పద్నాలుగు రోజులు ఎవరు ఎవరిని చూసుకున్నట్టు?

"మరి ఆ సారు వచ్చిన నాడు?"

"ఆ నాడు నేనే తిందామనుకున్న. గోడ కాడికి పోతుంటే బ్రేకేసినవ్. నోట్ల చెంచా పెట్టినంక నేనేం జెయ్యాలె? నీ వేలు కొరకాల్నా?"

నవ్వాడు. నవ్వితే అతని ఒళ్ళంతా కదులుతుంది. ముద్ద జారి పీట పక్కన పడింది. నా చెయ్యి బయటికి వచ్చేసింది.

"ఊకో," అన్నాడు.

తనే తీసుకున్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

"ఆ సారుకు చెప్దామనుకున్న గూడ. మాట బైటికొచ్చేసరికి ఆయన బండెక్కిండు." పళ్ళెం చూస్తూ అన్నాడు. "నాకు కీసర వద్దు. ఆడ మంచోళ్ళే ఉన్నరు. కని అందరికి ముప్పావుగంటల పెట్టేస్తరు. నాకు నా ఒక్కనికే గంట కావాలె. గంతే. ఇంకేం అడుగుతలేను."

ఒంటిగంటకు ఆఖరి ముద్ద అయింది. నేను కాగితం మీద రాయగలిగిన అత్యంత ఖచ్చితమైన రీడింగు ఇది: యాభై ఎనిమిది నిమిషాలు, తానే.

సత్తమ్మ రెండింటికి వచ్చింది. నన్ను చూసి కొంగుతో మొహం తుడుచుకుని నిలబడింది. నిలబడే చెప్పాను. సీటు ఎందుకు రాలేదో, కాగితంలో ఏం రాశానో, ఆమె మొదటి రోజు చెప్పబోయింది నేను వినలేదని. రద్దీ అన్నది అబద్ధమని కూడా చెప్పాను.

స్టవ్ వెలిగించింది. చాయ్ పెట్టింది.

"మీరు పెద్దోళ్ళు సార్. నేనేమంట? వాడు ఈ మూలకు కూసోని తినుడు నేర్సుకునేటందుకు నాలుగేండ్లు పట్టింది. మా అత్త, నేను, ఎన్ని పళ్ళాలు కడిగినమో. మీరు పద్నాలుగు రోజులు వాని చేతులు కట్టేసినట్టే జేసిన్రు." గ్లాసు నా ముందు పెట్టింది. "తాగున్రి. చల్లారిపోతది."

తాగాను.

అక్కణ్ణుంచే త్రివేణికి ఫోన్ చేశాను. మొత్తం విన్నది. తిట్టవచ్చు, తిట్టలేదు. "మేము గూడ ఇంటోళ్ళను అడగలె సార్, మీరు చెప్తున్నరని ఊకున్నం," అంది. తరవాత, "రేపు పదింటికి వేరే పేరు రాసేస్తరు. నేను ఫోన్ల చెప్తే ఆ సారు వినడు, కాయిదం సూపెట్టుమంటడు. రాసింది మీరు. మీరే పోవాలె," అంది.

మల్లాపూర్ అమ్మాయి సంగతి అడిగాను. ఆమె ఇంట్లో నాయనమ్మ ఉంది, ఇంకో ఆరు నెలలు ఆగగలరు అంది. నిజంగానే ఆగగలరో, నేను అడిగానని అందో తెలియదు.

ల్యాబులో నమూనాకు మన చెయ్యి తగిలితే, తరవాత రీడింగు ఎంత శ్రద్ధగా రాసినా పనికిరాదు. ఆ కాగితం కొట్టేసి, మళ్ళీ పరీక్ష పెడతాం. కొత్తగా చేరినవాళ్ళకు ఈ మాట నేనే చెప్పేవాణ్ణి.

లేచి వస్తుంటే దుర్గేష్ పిలిచాడు.

"రేపు నువ్వొస్తవా?"

"వస్త."

"వస్తే గేటు కాడ్నే నిలబడు. లోపలికి రాకు. నీ చెయ్యి ఊకుండది."

"సరే."

"మళ్ళ సరే అని లోపలికొస్తవ్."

"రాను."

సత్తమ్మ మొహం అటు తిప్పుకుంది. నవ్విందనుకుంటాను.

ఇప్పుడు ఏడున్నర. త్రివేణి దగ్గర తెచ్చుకున్న కాగితాల నకళ్ళు సంచీలో పెట్టాను. రేపు పొద్దున ఏడింటికి చిలకానగర్ వెళ్తాను. ఆటో పిలుస్తాను. దుర్గేష్ కడ్డీ పట్టుకుని ఎక్కేదాకా పక్కన నిలబడతాను, అడిగితే తప్ప పట్టుకోను. తొమ్మిదింటికి హబ్సిగూడ. రామ్మోహనరావు గారికి నేనే ముందు చెబుతాను: తిండికి ఎదురుగా పెట్టిన ఈ టిక్కులన్నీ నావి, దుర్గేష్‌వి కావు, కొట్టేయండి. ఒక మూల, ఒక పీట, ఒక తడిగుడ్డ, ఒక గంట అడుగుతాను. ఆయన ఒప్పుకుంటే సత్తమ్మ డబ్బా విప్పుతుంది. నేను బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడతాను.